సమాచారానికీ దళారీ ఉన్నాడు

(సోమాజిగూడలో జరిగిన సంఘం కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సోమాజిగూడ మనకు కొత్త కాదు. గిట్టుబాటు ధర మీద ప్రెస్‌క్లబ్‌లో మాట్లాడటానికో, కౌలు రైతుల గుర్తింపు మీద రౌండ్ టేబుల్ సమావేశానికో ఏడాదికి రెండు మూడుసార్లు వస్తూనే ఉంటాం. ఈసారి నాకిచ్చిన అంశం వేరు. పంట పండిస్తూనే పక్కన చిన్న వ్యాపారం నడిపేవాళ్ల గురించి మాట్లాడమన్నారు. కారంపొడి గిర్నీ పెట్టినవాళ్లు, గానుగ నూనె తీసేవాళ్లు, పప్పు మిల్లు, పాల కేంద్రం, పచ్చళ్లు, జొన్న రొట్టెలతో బతికేవాళ్లు. వీళ్లకు సరైన సమాచారం, సాయం ఎక్కడ దొరుకుతాయన్నది అంశం. ‘ఇది రైతు సంఘం పనా?’ అని పొద్దున చాయ్ దగ్గర ఒకరు అడిగారు. రెండెకరాల్లో మిర్చి వేసి, ధర పడిపోయినప్పుడు కొంత పంటనైనా పొడి కొట్టి అమ్ముకుందామని చూసేవాడు రైతు కాకుండా పోడు కదా. అది మన పనే.

మా మండలంలో ఒక చెల్లె ఉంది. మగ్గం పని మానేసి, సంఘం అప్పుతో కారంపొడి గిర్నీ పెట్టింది. ఇంకో మిషన్ కావాలనుకుంది. ‘ముప్పై అయిదు శాతం సబ్సిడీ ఇప్పిస్తా’ అని పట్నం నుంచి ఒకాయన వచ్చాడు. ప్రాజెక్టు రిపోర్టుకని కొంత, ఉద్యం సర్టిఫికెట్‌కని కొంత, ‘పై వాళ్లకు’ అని ఇంకొంత తీసుకున్నాడు. ఆరు నెలల తర్వాత ఆమె చేతిలో మిగిలింది ఒక్క ఉద్యం కాగితం. నాకు చూపిస్తూ, ‘అన్నా, ఇది నిజమైనదేనా?’ అని అడిగింది. కాగితం నిజమైనదే. దానికి ఒక్క రూపాయి కూడా కట్టక్కర్లేదన్న సంగతి మాత్రం ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఉద్యం రిజిస్ట్రేషన్ 2020 జూలై 1 నుంచి అమల్లో ఉంది. పూర్తిగా ఉచితం. ఆధార్ నంబరు, దానికి కలిపిన ఫోను, పాన్ నంబరు ఉంటే చాలు, కాగితాలు జతచేసే పని కూడా లేదు. ప్రభుత్వ వెబ్‌సైటులా కనిపించే ప్రైవేటు సైట్లు చాలా ఉన్నాయి, ఫీజు అడిగేవి అవే. సర్కారు సైటు చిరునామా చివర గవ్ డాట్ ఇన్ అని ఉంటుంది. చదువుకున్న పిల్లలతో ఒక్కసారి ఆ అక్షరాలు చూపించుకోండి.

ఇక ఆ ముప్పై అయిదు శాతం. అది కేంద్ర ప్రభుత్వం 2020లో మొదలుపెట్టిన సూక్ష్మ ఆహారశుద్ధి పరిశ్రమల పథకం, పీఎంఎఫ్‌ఎంఈ అంటారు. ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల దాకా సబ్సిడీ. మన వాటా కనీసం 10 శాతం, మిగతాది బ్యాంకు అప్పు. ఇంతవరకు అందరూ చెబుతారు. చెప్పనిది ఇంకోటుంది. దరఖాస్తు రాయడానికి, ప్రాజెక్టు రిపోర్టు తయారు చేయడానికి, బ్యాంకు చుట్టూ తిరగడానికి ప్రతి జిల్లాలో రిసోర్స్ పర్సన్ అని ఒకరిని పెట్టాలని పథకంలోనే ఉంది. అప్పు మంజూరైన ఒక్కో కేసుకు వాళ్లకు 20 వేల రూపాయలు ప్రభుత్వమే ఇస్తుంది. అంటే పైరవీకారు మన దగ్గర డబ్బు తీసుకుని చేస్తానన్న పనికి జీతగాడు ముందే ఉన్నాడు. ఆయన పేరు, ఫోను నంబరు మండల కార్యాలయం గోడ మీద ఎందుకు ఉండవు? మనం అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

సబ్సిడీ గురించి మనోళ్లలో ఒక అపోహ ఉంది. పది లక్షలు చేతికొస్తాయని, దాంతో పాత బాకీ కట్టుకోవచ్చని అనుకుంటారు. చేతికి రాదు. బ్యాంకులో మన పేరున విడిగా మూడేళ్లు ఉంటుంది, యూనిట్ నడుస్తున్నట్టు తేలాకే అప్పులో సర్దుతారు. 2008 నుంచి నడుస్తున్న పీఎంఈజీపీలో కూడా ఇంతే. అందులో పల్లెలో పెట్టే యూనిట్‌కు జనరల్ వాళ్లకు 25 శాతం. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు 35 శాతం. మధ్యలో గిర్నీ మూతపడితే సబ్సిడీ పోతుంది, అప్పు మిగులుతుంది. సబ్సిడీని చూసి మిషన్ కొనడం, ఎరువు చవగ్గా వచ్చిందని నీళ్లు లేని చేనుకు వేయడం లాంటిది. సరుకు ఎవరు కొంటారో తెలిశాకే దరఖాస్తు పెట్టాలి. ఇలాంటి పథకాలకు గడువులుంటాయి, మారుతుంటాయి కూడా. జిల్లా పరిశ్రమల కేంద్రంలో ఆ రోజు పరిస్థితి ఏమిటో అడిగాకే అడుగు వేయండి.

ఈ సోమాజిగూడ చుట్టూ ఉన్నవి ఒకసారి చూడండి. అమీర్‌పేట దాటితే యూసుఫ్‌గూడ. అక్కడ జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థ ఉంది. చిన్న పరిశ్రమలకు శిక్షణ ఇవ్వడానికే 1962లో హైదరాబాద్‌కు వచ్చింది, అప్పుడు సియెట్ అనేవారు. 1964లో హార్వర్డ్ ప్రొఫెసర్ డేవిడ్ మెక్లిలాండ్ కాకినాడ నుంచి యాభై మందికి పైగా చిన్న వ్యాపారులను ఇక్కడికి రప్పించి, దాదాపు పది రోజులు శిక్షణ ఇప్పించాడు. తర్వాత వాళ్లను రాజమండ్రి వ్యాపారులతో పోల్చి చూస్తే, శిక్షణ పొందినవాళ్లు కొత్త వ్యాపారాలు పెట్టడంలో, పెట్టుబడి పెట్టడంలో ముందున్నారని తేలింది. ప్రపంచమంతా చదివిన ప్రయోగం అది. మనిషిలో సాధించాలన్న పట్టుదల పెరిగితే వ్యాపారం పెరుగుతుందని ఆయన వాదన. పట్టుదలకు మన పల్లెల్లో కొదవేమీ లేదని నా అభిప్రాయం. ఆ శిక్షణలో నాకు నచ్చింది ఇంకోటి. ఒకే ఊరి వ్యాపారులు ఒకచోట కూర్చుని, ఎవరి లెక్క వాళ్లు పైకి చెప్పుకున్నారు. మనలో ఎంతమంది మన గిర్నీ లెక్క పక్కవాడికి చెబుతాం?

అటు బాలానగర్‌లో కేంద్ర ప్రభుత్వ ఎంఎస్‌ఎంఈ కార్యాలయం ఉంది. మెహదీపట్నం దాటి రాజేంద్రనగర్ వెళితే మన జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, చిరుధాన్యాల పరిశోధన సంస్థ, మేనేజ్, గ్రామీణాభివృద్ధి సంస్థ పక్కపక్కనే ఉంటాయి. జొన్న, కొర్రలతో ఏమేం చేయొచ్చో, ఏ మిషన్ పనికొస్తుందో చిరుధాన్యాల సంస్థలో అడగొచ్చు. హబ్సిగూడలో ఆహార సాంకేతిక సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ కేంద్రం ఉంది. ఇన్ని పెట్టుకుని కూడా నారాయణపేట రైతు అమీర్‌పేట గోడ మీద అంటించిన ‘లోన్లు ఇప్పించబడును’ కాగితం చూసి ఫోన్ చేస్తున్నాడు. ఆ కాగితం తెలుగులో ఉంది, ఫోన్ చేస్తే ఎత్తుతారు. సర్కారు సంస్థల కరపత్రాలు చాలావరకు ఇంగ్లీషులో ఉంటాయి, ఫోను మోగుతూనే ఉంటుంది. పైరవీకారును తిట్టేముందు ఇది కూడా చూడాలి.

పట్నం దాకా రాలేనివాళ్లకు జిల్లాలోనే ఉండేది ఆర్‌సెటీ. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన పద్ధతిని దేశమంతా విస్తరించారు. శిక్షణ ఉచితం, భోజనం, వసతి కూడా. శిక్షణ అయ్యాక రెండేళ్లు కనిపెట్టుకుని ఉండాలని నిబంధన. మన పిల్లల్ని పంపడానికి ఇంతకంటే మంచి చోటు జిల్లాలో నాకు కనపడలేదు.

బ్యాంకు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. చిన్న యూనిట్లకు 10 లక్షల దాకా ఇచ్చే అప్పుకు తాకట్టు అడగొద్దని రిజర్వు బ్యాంకు 2010లోనే ఆదేశించింది. అయినా ‘పట్టాదారు పాసుబుక్కు తెచ్చినవా?’ అని అడుగుతూనే ఉన్నారు. మేనేజరుతో గొడవ వద్దు. దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. ఇవ్వనంటే, కారణం రాసివ్వమనండి. ఎంత చిన్న అప్పయినా సరే, తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా చెప్పాలన్నది రిజర్వు బ్యాంకు నియమం. ‘రాసియ్యి సారూ’ అన్న ఒక్క మాటతో గొంతు మెత్తబడటం నేను చాలాసార్లు చూశాను. ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా పోవచ్చు. 14448కి ఫోన్ చేస్తే ఎలాగో చెబుతారు.

అప్పు దొరికి, గిర్నీ నడిచి, సరుకు పోయాక వచ్చే కష్టం ఉద్దెర. పట్నంలో హోటళ్లు, సూపర్ మార్కెట్లు సరుకు తీసుకుని మూడు నెలలు తిప్పుతాయి. దీనికి 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ఉంది. ఉద్యం నమోదు ఉన్న చిన్న తయారీదారుకు 45 రోజుల్లోపు డబ్బు కట్టాలి. కట్టకపోతే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ లెక్కన ఇవ్వాలి. ఫిర్యాదు పెడితే రాష్ట్రంలోని కౌన్సిల్ విచారిస్తుంది. అందుకు బిల్లు ఉండాలి, సరుకు ముట్టినట్టు సంతకం ఉండాలి. నోటిమాట మీద అమ్మినవాడికి చట్టం కూడా ఏమీ చేయలేదు. సరుకు పంపకముందే ఉద్యం నమోదు ఉండటం మంచిది. కొని అమ్మే కిరాణం వ్యాపారికి మాత్రం ఈ రక్షణ లేదు, వాళ్లకు 2021లో ఇచ్చిన ఉద్యం నమోదు బ్యాంకు అప్పు వరకే.

ఇక్కడ నాకు మండుతుంది. నా మిర్చిని పొడి చేసి అమ్మితే 45 రోజుల చట్టం నా వెనక ఉంటుంది. అదే మిర్చిని కల్లం మీది నుంచి నేరుగా అమ్మితే, ఆ చట్టం దృష్టిలో నేను వ్యాపారినీ కాను, పరిశ్రమనూ కాను. ధాన్యం డబ్బు ఆలస్యమైతే రైతుకు మూడింతల వడ్డీ ఎవరిచ్చారు? మన డిమాండ్ల పత్రంలో ఇది చేర్చాలని ప్రతిపాదిస్తున్నాను.

ఒంటరిగా వీటన్నిటి వెంట తిరగడం అయ్యే పని కాదు. ముల్కనూరు చూడండి. 1956లో ఎ.కె. విశ్వనాథరెడ్డి గారు మొదలుపెట్టిన సహకార సంఘం అది. అప్పుతో మొదలై రైస్ మిల్లు, విత్తన శుద్ధి, పత్తి జిన్నింగ్ దాకా పోయింది. అక్కడి రైతు పథకాల కోసం బ్రోకర్ని వెతకడు, తన సంఘం ఆఫీసుకు పోతాడు. మనం రేపే ముల్కనూరు కట్టలేం. మండలానికి ఒక మనిషి, ఒక రిజిస్టరు పెట్టగలం. ఎవరు ఏ ఆఫీసుకు పోయారు, ఎవరిని కలిశారు, ఏం చెప్పారు, ఎన్నాళ్లు పట్టింది అన్నీ అందులో రాయాలి. రెండోసారి పోయేవాడికి అదే దారి చూపిస్తుంది. సబ్సిడీ లబ్ధిదారుల వివరాలు అడక్కుండానే వెల్లడించాలని సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్‌లో ఉంది. పెట్టకపోతే దరఖాస్తు వేయండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు.

రిసోర్స్ పర్సన్ల పేర్లు అడుగుతూ అన్ని జిల్లాల నుంచి ఒకేసారి వేయడానికి ఒక నమూనా దరఖాస్తు తయారు చేసి తెచ్చాం. భోజనాల తర్వాత వెనక బల్ల దగ్గర పంచుతారు. బ్యాంకు తిరస్కరించిన దరఖాస్తుల జిరాక్సులు ఎవరి దగ్గరైనా ఉంటే అక్కడే ఇచ్చి, మీ మండలం పేరు రాయించండి.