జొన్నగింజంత కణితి

కణితి యనగానే ఇంటివారు మొట్టమొదట అడుగు ప్రశ్న, "అది క్యాన్సరా?" అని. కాదని చెప్పినచో ఊరటపడి లేచిపోవుదురు. కాని ప్రాణమునకు హాని చేయకయే బ్రదుకును దుర్భరము చేయు కణితి యొకటి కలదు. దాని పేరు గ్లోమస్ కణితి.

మన చర్మములో, ముఖ్యముగా వ్రేళ్ల కొనలయందు, సన్నని ధమని నేరుగా సిరతో కలియు చిన్న చుట్టలున్నవి. చలికిని, ఎండకును తగినట్లు చర్మమునకు పోవు రక్తమును సరిచూచుట వాని పని. లాటిను భాషలో గ్లోమస్ అనగా నూలుండ. ఆ చుట్టలోని కణములు మితిమీరి పెరిగినచో ఈ కణితి యేర్పడును. ఎడింబరో శస్త్రవైద్యుడు విలియం వుడ్ 1812లోనే ఇట్టి బాధాకరమైన బుడిపెలను వర్ణించెను. వాని పుట్టుక యెక్కడనో 1924లో ఫ్రెంచి వైద్యుడు పియేర్ మాసన్ తేల్చెను. కొవ్వు, కండవంటి మెత్తని భాగములలో పుట్టు కణితులలో ఇవి నూటికి రెండు పాళ్లకు మించవు.

గోటి క్రింద పుట్టినచో నీలిచాయ కనబడవచ్చును, వైద్యునకు తోచును. చిక్కెల్లను వేరొకచోట పుట్టినప్పుడే.

మాయొద్దకు వచ్చిన ఒక ఉపాధ్యాయునికి మోకాటి ప్రక్కన 8 ఏండ్లుగా పోటు. పంచె యంచు సోకిన ఉలికిపడుదురు. ధనుర్మాసపు చన్నీళ్లు పడిన కేక వేయుదురు. వాపు లేదు, ఎరుపు లేదు. ఎక్సురేలో ఎముకలు చక్కగా నున్నవి. కొందరు వాతమనిరి, కొందరు నరముల బలహీనత యనిరి. తుదకు బడి యెగవేయుటకు నెపమనిరి. సిగ్గుతో ఒప్పుకొనవలెను: మేమును మొదటిసారి బలమునకు మందు వ్రాసి పంపివేసితిమి.

మరల వచ్చినప్పుడు ఆయన బాధను వర్ణింపలేదు. వ్రేలితో ఒక్క చుక్క చూపి, "ఇక్కడనే" అనిరి. గుండుసూది తలతో నొక్కి చూచితిమి. ఈవల నొప్పి లేదు, ఆవల లేదు. ఆ చుక్కమీద మాత్రము ఎగిరిపడిరి. ఈ పరీక్షను అమెరికాలో లవ్ అను శస్త్రవైద్యుడు 1944లో వెల్లడించెను. పిమ్మట రక్తపుపోటు చూచు పట్టీని తొడకు బిగించి గాలి నింపితిమి. రక్తము ఆగినది, నొక్కినను నొప్పి లేదు. ఎం.ఆర్.ఐ. చిత్రములో కణితి చిన్న మచ్చగా కనబడినది.

ఆ చోట మాత్రము మత్తుసూది వేసి దానిని కోసి తీసితిమి. పొరతోకూడ పూర్తిగా తీయవలెను. కొంచెము మిగిలినను మరల పెరుగును. జొన్నగింజంత యున్నది. సూక్ష్మదర్శినిలో చూడగా గ్లోమస్ కణితియే యని రూఢియైనది.

కుట్లు విప్పిననాడు ఆయన మోకాటిని తామే నొక్కి చూచుకొనిరి. తరువాత సీసాలోని ఆ గింజను చాలసేపు చూచి, "అయ్యా, దీనినొకసారి మా యింటివారికి చూపుదురా?" అని యడిగిరి.