కాన్పు గదిలో పాఠం ఎవరు చెప్తున్నారు?

(నాగర్‌కర్నూల్‌లో జరిగిన ఆరోగ్య హక్కుల సమావేశంలో చేసిన ప్రసంగానికి రాతరూపం)



వైద్య శిక్షణ మీద పరిశోధన, దానికి నిధులు - ఈ విషయం వినడానికి ఇంత ఎండలో ఇంతమంది వస్తారని నేననుకోలేదు. ముందు వరసల్లో ఆశ కార్యకర్తలు, ఏఎన్ఎంలు కూర్చున్నారు. నేను చెప్పబోయేది చాలావరకు వాళ్ళకి తెలిసిందే. ఎక్కడా రాసి లేదు, అంతే.

కొన్ని నెలల కిందట ఒక ప్రభుత్వ ఆసుపత్రి కాన్పు గదిలో రెండు రోజులు కూర్చున్నాను. ఊరి పేరు చెప్పను. ముగ్గురు మెడికల్ స్టూడెంట్లు వచ్చారు. వాళ్ళ ప్రొఫెసరు ఆ పొద్దున రాలేదు. యాభై దాటిన స్టాఫ్ నర్సు ఒకామె, నొప్పులు పడుతున్న అమ్మాయి దగ్గరికి వెళ్ళి, "ఈ పిల్ల నీ కడుపు మీద చెయ్యి పెట్టి చూస్తది, పెట్టనిస్తవా?" అని అడిగింది. ఆ అమ్మాయి తలూపింది. అప్పుడు స్టూడెంటుతో, "నొప్పి వచ్చినప్పుడు ఒత్తొద్దు. పొయ్యేదాంక ఆగు. ముందు ఆమె మొఖం చూడు, తర్వాత కడుపు చూడు" అంది. అంతకంటే మంచి పాఠం నేను యూనివర్సిటీలో కూడా వినలేదు. ఆ నర్సు డ్యూటీ మారాక వచ్చిన మరో బృందం ఎవరినీ ఏమీ అడగలేదు. ఒకరి తరవాత ఒకరు నలుగురు చేతులు పెట్టి చూశారు. సాయంత్రం హాజరు పుస్తకంలో రెండు క్లాసులూ ఒకే ప్రొఫెసరు పేరుతో నమోదయ్యాయి.

పొద్దుటి పాఠానికీ మధ్యాహ్నం పాఠానికీ తేడా కనిపెట్టే పరిశోధనకి ఈ దేశంలో డబ్బులెవరిస్తారు? ఈ రోజు నా ప్రశ్న ఇదే.

2014లో తెలంగాణ ఏర్పడేనాటికి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఐదు. 2024కి అవి 34 అయ్యాయి. నాగర్‌కర్నూల్, వనపర్తి కాలేజీలు 2022లో ఒక్కోటి 150 సీట్లతో, గద్వాల కాలేజీ 2024లో 50 సీట్లతో మొదలయ్యాయి. పాలమూరు పిల్లలు డాక్టరీ చదవాలంటే హైదరాబాదుకో కర్నూలుకో పోవాల్సిన రోజులు నేను చూశాను. కాబట్టి ఈ కాలేజీలు వచ్చినందుకు నాకు సంతోషమే. అయితే కాలేజీ అంటే ఒక భవనం కాదు. 2022 నుంచి ఎంబీబీఎస్ విద్యార్థి ఒక్కొక్కరూ ఊళ్ళలో కనీసం మూడు కుటుంబాలని దత్తత తీసుకోవాలనే నియమం వచ్చింది. 150 మంది అంటే ఒక్క బ్యాచ్‌కి 450 ఇళ్ళు. పీజీ డాక్టర్లు మూడు నెలలు జిల్లా ఆసుపత్రుల్లో పనిచేయాలని 2020లో నిబంధన చేశారు. అంటే చదువు ఇవాళ జిల్లా ఆసుపత్రిలో, పీహెచ్‌సీలో, మీ వాకిట్లో జరుగుతోంది. విద్యార్థి ఇంటికొచ్చినప్పుడు కూలి మానుకుని కూర్చునేదెవరు? ఊళ్ళో దారి చూపించి ఆ ఇంట్లో పరిచయం చేసేదెవరు? "దత్తత" అన్న మాట కూడా నాకు తిరగేసి వాడినట్టనిపిస్తుంది. పందొమ్మిదేళ్ళ పిల్లని చేరదీసి నేర్పించేది ఆ ఇల్లాలే గదా.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. శ్రీవాస్తవ కమిటీ 1975లో నివేదిక ఇచ్చాక, 1977లో 'రోమ్' పథకం వచ్చింది. ప్రతి మెడికల్ కాలేజీ మూడు బ్లాకుల ఆరోగ్య బాధ్యత తీసుకోవాలన్నారు. ఊళ్ళకి వెళ్ళడానికి వ్యాన్లు ఇచ్చారు. వ్యాన్లు ఎన్నో లెక్క ఉంటుంది. ఆ వ్యాన్లు దిగిన విద్యార్థులు ఏం నేర్చుకున్నారో, ఊరి ఆడవాళ్ళకి ఏం ఒరిగిందో మాత్రం మనకి లెక్క దొరకదు.

దక్షిణ ఆస్ట్రేలియాలో ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయం 1997లో ఎనిమిది మంది విద్యార్థుల్ని ఏడాదిపాటు పల్లె పట్టణాల్లో డాక్టర్ల దగ్గర ఉంచి చదివించింది. పెద్దాసుపత్రిలో చదివినవాళ్ళ ఫలితాలతో పోల్చి, వీళ్ళు వెనకబడలేదు సరికదా మెరుగయ్యారని తేల్చింది. పల్లె చదువు తక్కువ చదువు కాదని చెప్పడానికి అటువంటి రుజువు కావాలి. అయినా ఆ అధ్యయనం చూసింది మార్కుల్ని. కాన్పు బల్ల మీద పడుకున్న మనిషిని అడగడం ఇంకో పని. అది మనం చెయ్యాలి.

ఎందుకు చెయ్యాలో కొన్ని అంకెలు చెప్తాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే అయ్యాయి. మొత్తం కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. ప్రైవేటులో 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 శాతం. మన ఆడవాళ్ళు 'పెద్దాపరేషన్' అనడం మానేసి ఉత్త 'ఆపరేషన్' అంటున్నారు, అంత మామూలైపోయింది. ఇట్లాంటి గదుల్లో శిక్షణ పొందే విద్యార్థి, ఓపిగ్గా కనిపెట్టుకుని కూర్చుంటే అయ్యే మామూలు కాన్పు ఎన్నిసార్లు చూస్తోంది? ఏ ఆసుపత్రిలో ఎక్కువ, ఎక్కడ తక్కువ? ఒక కాలేజీలో కూర్చుని ఈ ప్రశ్నకి జవాబు చెప్పలేం. పది చోట్ల, ఏళ్ళ తరబడి చూడాలి.

చూసే వాళ్ళని తయారుచేసిన ఉదాహరణ మన రాష్ట్రంలోనే ఉంది. 2017లో ప్రభుత్వం, ఫెర్నాండెజ్ ఫౌండేషన్ కలిసి కరీంనగర్‌లో నర్సులకి 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టాయి. 2018లో కేంద్రం మిడ్‌వైఫరీ సేవలకి మార్గదర్శకాలు విడుదల చేసింది. నర్సు నేర్చుకోగలదు, నేర్పగలదు కూడా అని ఒప్పుకున్న సందర్భం అది. మంత్రసానిని గది బయటికి పంపించిన వైద్యం, ఆమె పనిని మళ్ళీ డిప్లొమా రూపంలో వెతుక్కుంటోందని నాకు నవ్వొస్తుంది కానీ, అది వేరే ఉపన్యాసం.

నిధుల దగ్గరికి వస్తాను. వైద్య పరిశోధన అనగానే మనవాళ్ళ కళ్ళకి లేబొరేటరీ కనబడుతుంది. యంత్రం కొంటే ఆడిట్‌లో చూపించొచ్చు. నర్సు నేర్పిన పాఠాన్ని ఏ పద్దులో చూపిస్తారు? మేం కొందరం కలిసి మూడు జిల్లాల్లో శిక్షణ మీద ఒక ప్రతిపాదన రాశాం. ఒక సంస్థకి పంపాం. ప్రయాణ ఖర్చు ఎక్కువుందన్నారు. "స్థానిక సిబ్బందికి గౌరవ వేతనం" అన్న వరస కొట్టేసి, వాళ్ళు ఎట్లాగూ డ్యూటీలో ఉంటారు గదా అని రాశారు. ఆ "ఎట్లాగూ" అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఇంట్లో వంట చేసే ఆడమనిషి గురించి కూడా ఇదే మాట అంటారు. ఎట్లాగూ ఇంట్లోనే ఉంటుంది గదా!

కాబట్టి ఈసారి ప్రతిపాదనలో మేం బేరం లేదని చెప్పబోయే ఖర్చులున్నాయి. నేర్పిన నర్సుకీ ఏఎన్ఎంకీ ఆ గంటలకి డబ్బు, నివేదికలో పేరు. దారి చూపించిన ఆశకి కూలి. మాతో మాట్లాడిన స్త్రీకి పోయిన ఆ రోజు కూలి, బస్సు చార్జీ. ఇది దయ కాదు, భారత వైద్య పరిశోధన మండలి 2017 నైతిక మార్గదర్శకాలే ఇవ్వొచ్చని చెప్పాయి. శిక్షణకి పంపిన ఆడపిల్లలకి తాళం పడే గది, నీళ్ళొచ్చే మరుగుదొడ్డి, రాత్రి డ్యూటీకి బండి ఉన్నాయో లేవో కూడా పరిశోధన ప్రశ్నే. 2024 ఆగస్టులో కోల్‌కతాలో డ్యూటీలో ఉన్న యువ డాక్టరు మీద అత్యాచారం చేసి చంపిన తరవాత కూడా దాన్ని 'సౌకర్యాల విషయం' అని పక్కన పెట్టేవాళ్ళతో నేను వాదించలేను.

అన్నిటికంటే కష్టమైనది ఒప్పుదల. నల్లమల లోపలి పెంటల నుంచి వచ్చిన చెంచు స్త్రీ, కాగితం మీద వేలిముద్ర వేస్తే ఒప్పుకున్నట్టేనా? స్టూడెంటు చెయ్యి వద్దంటే వైద్యం ఆగిపోతుందేమోనన్న భయం ఉన్నప్పుడు "సరే" అన్న మాటకి అర్థమేమిటి? దీన్ని కొలిచే ఫారం నా దగ్గర లేదు. మీ సాయంతోనే తయారుకావాలి.

భోజనాల తరవాత వెనక గదిలో కూర్చుని ఆ ప్రశ్నలు రాద్దాం, మీ మాటల్లోనే. నేను చెప్పిన ఆ నర్సుకి ఇవాళ పొద్దుటి డ్యూటీ. రెండింటికి అయిపోతుంది, బస్సు దొరికితే వస్తానంది.