42 యూరోల దావా



మనలో చాలామందిమి సాఫ్ట్‌వేర్ రాసి బతుకుతున్నవాళ్లమే. అయినా కొత్త కంప్యూటర్ తెరవగానే వచ్చే ఒప్పందాన్ని ఎంతమందిమి చదివాం? లినక్స్ వేసుకుందామని లాప్‌టాప్ కొన్నప్పుడు నేను మొదటిసారి చదివాను. ఇష్టం లేకపోతే వాడకుండా తయారీదారుని సంప్రదించమని ఉంది. సంప్రదించాను. సాఫ్ట్‌వేర్ డబ్బు ఒక్కటే రాదు, మొత్తం కంప్యూటర్ వెనక్కివ్వమన్నారు.

ఇది పాత గొడవే. 1999 ఫిబ్రవరి 15న కాలిఫోర్నియాలోని ఫాస్టర్ సిటీలో, విండోస్ అక్కర్లేనివాళ్లు మైక్రోసాఫ్ట్ ఆఫీసుకి ఊరేగింపుగా వెళ్లి డబ్బు వాపసు అడిగారు. తయారీదారులనే అడుక్కోమని పంపేశారు.

2014లో ఇటలీ సుప్రీంకోర్టు మాత్రం, కంప్యూటర్ ఉంచుకుని అక్కర్లేని సాఫ్ట్‌వేర్ డబ్బు వెనక్కి తీసుకోవచ్చని తీర్పిచ్చింది. 2016లో యూరోపియన్ యూనియన్ కోర్టు, ముందే సాఫ్ట్‌వేర్ వేసి అమ్మడం దానంతటదే అన్యాయం కాదంది. అయినా ఇటలీలో ఒక కొనుగోలుదారు వదల్లేదు. విండోస్ ధర 42 యూరోల కోసం లెనోవో మీద కోర్టుకెక్కాడు. గెలిచాడు. కంపెనీ అప్పీలు చేసింది. 2020 డిసెంబర్‌లో మొంజా కోర్టు, అతన్ని అన్యాయంగా తిప్పినందుకు 20,000 యూరోలు చెల్లించమంది.

నేను మాత్రం ఆ రోజు విసిగిపోయి 'ఒప్పుకుంటున్నాను' నొక్కేశాను. ఇవాళ మీ ముందు ఒప్పుకుంటున్నది ఆ తప్పునే. ఈసారి కొనేముందే సాఫ్ట్‌వేర్ ధర విడిగా ఎంతో రాతపూర్వకంగా అడగండి. అడిగేవాళ్లు లేని హక్కు కాగితం మీదే ఉండిపోతుంది.