క్రీడారంగమున ఒక చిన్న దీవి

తెనాలి జంక్షనులో దిగి దక్షిణముగా పోదలచినవారికి రెండు రైలుదారులు కలవు. ఒకటి రేపల్లె చేరి అక్కడితో ఆగును. రెండవది బాపట్ల, స్టువర్టుపురము, చీరాలల మీదుగా చెన్నపట్టణమునకు సాగును. మనకు నిత్యపరిచితములైన ఈ ఊళ్లను కొలబద్దగా పెట్టుకొని, సముద్రములకావలనున్న ఒక చిన్న దేశమును గూర్చి నేడు ముచ్చటింపదలచినాము.

2011 జనాభా లెక్కలలో తెనాలి పట్టణపు జనము సుమారు 1,65,000. రేపల్లె పట్టణపు జనము సుమారు 50,000. రెండును కలిపిన 2,15,000. పసిఫిక్ మహాసముద్రమున సమోవా అను ద్వీపదేశము కలదు. సవాయి, ఉపోలు అను రెండు పెద్ద దీవులును, కొన్ని చిన్న దీవులును కలిసి ఆ దేశమైనది. 2021 లెక్కలలో అచటి జనము సుమారు 2,05,000. అనగా మన తెనాలి, రేపల్లె పట్టణములు రెండును కలిసిన, ఆ దేశముకంటె కొంచెము పెద్దవియే యగును.

ఇంత చిన్న దేశము ఒలింపిక్ క్రీడలకు పోయి ఏమి సాధించును? మన శ్రోతలలో కొందరికి ఈ ప్రశ్న తోచవచ్చును. సమోవా 1962 జనవరి 1వ తేదీన స్వతంత్రమైనది. అంతకుముందు జర్మనీవారును, పిమ్మట న్యూజిలాండువారును దానిని పాలించినారు. ఆ దేశపు క్రీడాకారులు తొలిసారిగా ఒలింపిక్ రంగమున అడుగిడినది 1984లో, లాస్ ఏంజెలెస్ నగరమున. ప్రారంభోత్సవపు ఊరేగింపులో పెద్ద దేశముల పేర్లు పిలిచినట్లే చిన్న దేశముల పేర్లును పిలుతురు. చిరకాలము పరుల పేరుతో చెలామణి అయిన జాతికి ఆ పిలుపు ఎంత విలువగలదో మనకు వేరుగా చెప్పనక్కరలేదు.

దీనికి మరియొక చిన్న దీవి కథయే సాక్ష్యము. నౌరు దేశపు జనము సుమారు 12,000. మన బాపట్ల పట్టణపు జనములో ఆరవవంతు. ఆ దీవికి చెందిన మార్కస్ స్టీఫెన్ 1990 కామన్వెల్తు క్రీడలలో బరువులెత్తి స్వర్ణపతకము గెలిచినాడు. కాని నౌరుకు అప్పటికి ఒలింపిక్ సంఘము లేదు. 1992 బార్సిలోనా ఒలింపిక్సులో ఆయన సమోవా పక్షమున పాల్గొనవలసి వచ్చినది. 1994లో నౌరుకు గుర్తింపు లభించినది. 1996లో అట్లాంటాలో ఆయన తన దేశము పేరుతోనే నిలిచినాడు. తరువాతి కాలమున ఆ దేశమునకు అధ్యక్షుడును అయినాడు.

ఈ దీవులవారు బరువులెత్తుటయందే ఇంత శ్రద్ధ చూపుటకు కారణము కలదు. ఈ క్రీడకు విశాలమైన మైదానము వలదు; పదునొకండుగురు ఆటగాండ్ర జట్టు వలదు. ఒక ఇనుపకడ్డీ, కొన్ని బిళ్లలు, తెలిసిన గురువు ఉన్న చాలును. పోటీదారులను దేహపు తూకమునుబట్టి తరగతులుగా విభజింతురు. స్నాచ్ అను పద్ధతిలో బరువును ఒక్క ఊపున తలపైకెత్తవలెను. క్లీన్ అండ్ జెర్క్ అను పద్ధతిలో మొదట భుజములవరకు, పిమ్మట తలపైకి ఎత్తవలెను. ఒక్కొక్క పద్ధతికి మూడేసి అవకాశములు. రెండింటిలోని ఉత్తమ ఫలితములను కూడినచో మొత్తము వచ్చును. కడ్డీ ముందు నిలిచినవాని దేశమున ఎన్నికోట్ల జనము కలదని ఆ బిళ్లలు అడుగవు.

2008 బీజింగ్ ఒలింపిక్సులో సమోవా యువతి ఎలే ఒపెలోగే 269 కిలోలు ఎత్తినది. మూడవ స్థానము పొందిన కజకస్థాన్ క్రీడాకారిణి ఎత్తినది 270 కిలోలు. ఒక్క కిలో తేడాతో పతకము చేజారినది. ఎనిమిదేండ్లు గడచినవి. 2016లో పాత నమూనాలను మరల పరీక్షింపగా, ఆమెకంటె ముందు నిలిచినవారిలో ఇద్దరు నిషిద్ధమైన మందులు వాడినట్లు తేలినది. నాలుగవ స్థానమునుండి ఆమె రెండవ స్థానమునకు వచ్చినది. ఆ రజతమే సమోవాకు తొలి ఒలింపిక్ పతకము. పెద్ద దేశమునకు ఒక పతకము పోయిన లెక్కలో ఒక అంకె తగ్గును. చిన్న దేశమునకు పోయినది ఆ దేశపు ఏకైక పతకము. ఆటలో మోసము ఎవరిని ఎక్కువగా కొట్టునో దీనివలన తెలియును.

ఇక మన రెండవ రైలుదారికి వత్తము. 2018 ఏప్రిల్ 7వ తేదీన ఆస్ట్రేలియాలోని గోల్డ్ కోస్టున కామన్వెల్తు క్రీడలలో 85 కిలోల తరగతి పోటీ జరిగినది. ఎలే తమ్ముడు డాన్ ఒపెలోగే మొత్తము 331 కిలోలు ఎత్తినాడు. అతనిని మించి స్నాచ్‌లో 151, క్లీన్ అండ్ జెర్క్‌లో 187, మొత్తము 338 కిలోలు ఎత్తి స్వర్ణము గెలిచినవాడు రాగాల వెంకట రాహుల్. అతని ఊరు బాపట్ల సమీపమున, ఆ రైలుదారిమీద మనము చెప్పుకొన్న స్టువర్టుపురము.

ఆ ఊరి పేరు వినగానే మన ప్రాంతమున పెదవి విరచినవారు కలరు. ఎరుకలవారిని పుట్టుకతోనే నేరస్థులుగా ఎంచిన ఆంగ్లేయ చట్టము క్రింద, 1913 ప్రాంతమున వారికై వెలసిన నివాసమది. అప్పటి మద్రాసు ప్రభుత్వమున ఉన్నతాధికారియైన స్టువర్టు దొర పేరే దానికి పెట్టినారు. ఆ చట్టము 1952లో రద్దయినది. చట్టము పోయినంత సులువుగా అపవాదు పోలేదు. అట్టి ఊరిపేరు 2018లో పత్రికలలో స్వర్ణపతకముతో కూడి అచ్చయినది. సమోవావారు తమ దేశము పేరు వినుటకు ఎదురుచూచినట్లే, ఈ ఊరివారును తమ పేరు గౌరవముతో వినుటకు చాలకాలము ఎదురుచూచినారు.

ఒపెలోగే అక్కడితో ఆగలేదు. 2022 బర్మింగ్‌హామ్ క్రీడలలో 96 కిలోల తరగతిలో 381 కిలోలు ఎత్తి స్వర్ణము పొందినాడు. అప్పుడు రజతము మన భారతీయుడైన వికాస్ ఠాకూరుకు దక్కినది. ఒకనాడు మనది పైచేయి, మరియొకనాడు వారిది. ఆటకు అందమిదియే.

సమోవాను చూచి మనము జాలిపడ పనిలేదు. రెండు లక్షలమందిలో బలముగల బిడ్డను వారు కనుగొనగలిగినారు. అంతే జనముగల మన రెండు పట్టణములలో అట్టి బిడ్డలు ఉండరా? తప్పక ఉందురు. వారి చేతికి కడ్డీ అందవలెను. బడివేళ దాటిన పిదప ఒక గది తెరచి, ఒక గురువు నిలువవలెను. "ఆటలు కూడు పెట్టునా?" అని ఇంటి పెద్దలు అడుగుట సహజమే. ఆ ప్రశ్నకు పతకము ఒక్కటే సమాధానమని మేము అనము. పుట్టిన ఊరినిబట్టియో, కులమునుబట్టియో తన్ను తూచిన లోకము ఎదుట ఒక బిడ్డ నిలిచి, తానెత్తిన బరువునుబట్టి తన్ను తూచుమని అడుగగలుగుట చిన్న సంగతి కాదు. ఆ అవకాశము కల్పించుట మాత్రము పెద్దల చేతిలో ఉన్నది.