గర్భసంచి పనికిరాని సంచి కాదు



మన కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నలుగురు ఆడవాళ్లు కూర్చున్నచోట ఈ మాట వినబడుతూనే ఉంటుంది: "పిల్లలు చాలు గదా, ఇగ ఆ సంచి ఎందుకు? తీయించుకుంటే పీడ పోతది." 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, తెలంగాణలో ఎనిమిదిమంది!

ఇంతకూ అదెక్కడుంటుంది? పొత్తికడుపులో ముందు మూత్రకోశం, వెనక మలాశయం, నడుమ పిడికిలంత గర్భసంచి. దానికి ఇరుపక్కలా బాదంకాయంతేసి అండాశయాలు. వీటి పని అండాలను విడుదల చేయడమొక్కటే కాదు. వీటిలో ఊరే ఈస్ట్రోజన్ రక్తంలో కలిసి ఎముకలకు బలమిస్తుంది, ఛాతీలోని గుండెకూ కాపు కాస్తుంది. సంచితోపాటు వీటినీ తీసేస్తే, 35 ఏళ్ల మనిషికైనా ఆనాటి నుంచే ముట్లుడిగినట్లు. ఒళ్లంతా వేడి సెగలు, నిద్రలేమి, పోనుపోను ఎముకలు గుల్లబారడం. అండాశయాలు ఉంచినా, కొందరిలో అవి ముందుగానే పని మానేస్తాయి.

తెల్లబట్ట కనబడగానే క్యాన్సరని బెదిరిపోకండి. చాలాసార్లు అది మందులతో నయమయ్యేదే. అధిక రక్తస్రావానికి మాత్రలున్నాయి, హార్మోను లూప్ ఉంది. క్యాన్సరే అయితే, లేదా మందులకు లొంగని జబ్బయితే ఆపరేషన్ అవసరం కావచ్చు. అప్పుడు జంకవద్దు. ముట్లుడిగిన తర్వాత రక్తం కనబడితే మాత్రం వెంటనే పరీక్ష చేయించుకోండి.

ఆపరేషన్‌కు ఒప్పుకునేముందు మూడు ప్రశ్నలడగండి: నా జబ్బు పేరేమిటి? మందులతో చూడవచ్చా? అండాశయాలు ఉంచుతారా? తొందరేమీ లేదంటే మరో డాక్టరమ్మకూ చూపించండి. తీసిన అవయవం మళ్లీ రాదు గదా!