నొప్పికి మాట
(గ్రంథాలయ రజతోత్సవ సభలోని ప్రసంగ పాఠము)



ఏప్రిల్, మే నెలలలో భద్రాచలము అడవులలో తునికాకు కోయు స్త్రీ ప్రొద్దు పొడవకముందే ఇల్లు విడుచును. వంగి వంగి ఆకు కోసి, మూట నెత్తిన పెట్టుకొని వచ్చి, 50 ఆకుల కొక కట్ట చొప్పున కట్టి, కల్లమునకు చేర్చును. అంతకు ముందు మాసములలో ఖమ్మము వైపు మిరపచేలలోను ఆ వంగుటయే. నడుము నొచ్చుచున్నదా యని యడిగినచో, "పని చేసే ఒంటికి నొప్పి ఉండదా?" అనును. సంభాషణ అంతటితో ముగియును. నొప్పి ముగియదు.

మూడు మాసములకు మించి నిలిచిన నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి యందురు. దెబ్బ మానిన పిదపను నాడులు ఆ నొప్పిని విడువకపోవచ్చును. ఎక్సురేలో ఏమియు కనబడనంత మాత్రమున అది కల్పితము కాదు. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘము 1979 నాటి తన నిర్వచనమును 2020లో సవరించుచు, నొప్పిని గూర్చి మనిషి చెప్పుకొన్న మాటను గౌరవింపవలెనని చేర్చినది. ఈ యొక్క మాట అత్తలకు, మగలకు, కొందరు వైద్యులకును వినిపింపదగినది.

ఆ మాటను పైకి తెచ్చు పద్ధతి యొకటి గలదు. ఆస్ట్రేలియా వాసి మైకేల్ వైట్, న్యూజీలాండు వాసి డేవిడ్ ఎప్‌స్టన్ దానిని రూపొందించి 1990లో గ్రంథముగ ప్రకటించిరి. కథన చికిత్స యనవచ్చును. ఇందు మనిషి వేరు, బాధ వేరు. తాను పనికిరానిదాననని క్రుంగిన స్త్రీని, "ఈ నొప్పి నీ యింట ఎప్పుడు అడుగుపెట్టినది? ఏయే పనులు చెడగొట్టినది? ఏనాడు దానిని కాదని నీ మాట నెగ్గించుకొంటివి?" అని యడుగుదురు. తోడి స్త్రీలు కూర్చుండి విందురు, తీర్పు చెప్పరు. విన్నదానిలో తమ మనసును తాకిన దేదో అది మాత్రమే చెప్పుదురు. వినుటకిది సులభమే, కాని సలహా చెప్పక యూరకుండుట పల్లెలో ఎందరికి చేతనగును?

తెలుగు స్త్రీలకిది బొత్తిగ క్రొత్త కాదు. భద్రాద్రి రాముని కథనే వారు తమలో తాము చేరినప్పుడు వేరుగ పాడుకొనిరి. వెల్చేరు నారాయణరావు 1991లో వెలువడిన వ్యాసమున ఈ పాటలను పరిశీలించెను. వానిలో యుద్ధముకంటె కౌసల్య ప్రసవవేదనకు, ఊర్మిళ నిద్రకు, సీత కష్టములకు చోటెక్కువ. తన నొప్పి యని చెప్పుకొనలేనిది కౌసల్య నొప్పి యని పాడుకొనుట కడ్డు లేదు గదా! ఇవి యెక్కువగ పై కులముల యిండ్లలోని పాటలు. చేలలోను, తిరుగలి యొద్దను పాడినవి వేరు. కోయ స్త్రీలకు తమ భాషయు, తమ పాటలును గలవు. పిండిమర వచ్చి తిరుగలి మూలబడినది. శ్రమ తగ్గినది, సంతోషమే. దానితో పాటు స్త్రీలు నలుగురు కూర్చుండు చోటును పోయినది.

కథ చెప్పుకొనుట మందునకు బదులు కాదు. నొప్పితో పాటు జ్వరము, చిక్కిపోవుట, కాలు చచ్చుబడుట, మూత్రము వశము తప్పుట యున్నచో ఆలస్యము చేయక వైద్యుని చూడవలెను. నడుమునొప్పికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో చేసిన సూచనలలో వ్యాయామము, నొప్పిని గూర్చిన బోధన, కొన్ని మానసిక చికిత్సలు గలవు. నడుమునకు బెల్టులు వలదన్నది. కథన చికిత్సకు వ్యాయామమునకున్నంత ఆధారబలము ఇంకను లేదు.

ఈ గ్రంథాలయపు గదికి మధ్యాహ్నము రెండు మొదలు నాలుగు గంటల వరకు తాళముండును. వారమున కొకనాడు ఆ తాళము తీయవచ్చును. పురుషులు ఆ వేళ పత్రికలను అరుగుమీద చదువుకొందురు గాక. గదిలో విన్నది గది దాటరాదు. కోయభాషలో చెప్పువారికి ఆ భాష తెలిసినవారే తోడుండవలెను. ఎక్కువసేపు కూర్చుండలేని వారికి గోడ ప్రక్కన చోటును, నడుము వాల్చుటకు చాపయు ఉంచిన చాలును.