కొలత నేర్చినవారి కొలువు

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పదవ తరగతి ఫలితాలు వెలువడిన వారంలో తల్లిదండ్రులు బడికి వచ్చి అడిగే ప్రశ్న సాధారణంగా ఒక్కటే: "పిల్లవాణ్ణి ఏ చదువులో వేస్తే నిలకడైన జీతం వస్తుంది?" ఇంజనీరింగు, నర్సింగు, బ్యాంకు పరీక్షల మాట అందరికీ తెలిసిందే. కర్మాగారంలో కొలతల యంత్రానికి ప్రోగ్రాము వ్రాసే వృత్తి ఒకటున్నదని ఎరిగినవారు తక్కువ.

ధర్మపురి వారికి ఇది దూరపు సంగతి కాదు. 2004 ఫిబ్రవరిలో కృష్ణగిరి జిల్లా ఏర్పడేవరకు హోసూరు ఈ జిల్లాలోనిదే. 1980లో అశోక్ లేలాండ్ అక్కడ కర్మాగారం తెరిచింది. అదే సంవత్సరం టీవీఎస్ మోపెడ్ అక్కడినుండి రోడ్డెక్కింది. తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో, టాటాలు కలిసి 1984లో స్థాపించిన టైటాన్, బడి చదువు ముగించిన యువతీయువకులను చేర్చుకొని, శిక్షణ ఇచ్చి, వారి చేతనే గడియారాలు చేయించింది. ఈ పెద్ద కర్మాగారాల చుట్టూ విడిభాగాలు చేసే చిన్న పరిశ్రమలు లెక్కకు మిక్కిలిగా వెలిశాయి. విడిభాగం చేసేవాడు ఎంత ముఖ్యమో, అది సరిగా ఉన్నదని సంతకం పెట్టేవాడూ అంతే ముఖ్యం.

ఒకప్పుడు ఆ సంతకం వెనుక ఉన్నవి వెర్నియర్, మైక్రోమీటరు, హైట్ గేజి. ఇప్పుడు వాటి ప్రక్కన సి.ఎం.ఎం. అనే యంత్రం చేరింది. గ్రానైటు బల్ల (ఈ ప్రాంతం వారికి గ్రానైటును గురించి వేరే చెప్పనక్కరలేదు), దానిపై మూడు దిక్కుల కదిలే చేయి, ఆ చేతి చివర చిన్న కెంపుగుండు. గుండు వస్తువును తాకగానే ఆ బిందువు నిరూపకాలు కంప్యూటరుకు చేరుతాయి. ఈ తాకుడు సాధనాన్ని 1972లో రూపొందించినవాడు డేవిడ్ మెక్‌మర్ట్రీ. కాంకార్డ్ విమానపు ఇంజనులోని సన్నని ఇంధన గొట్టాలను కొలవడం కష్టమైనప్పుడు ఆయనకు ఈ ఆలోచన తట్టింది. అప్రెంటిస్‌గా కొలువు మొదలుపెట్టిన మనిషి ఆయన.

యంత్రం తనంత తాను కొలవదు. ఎక్కడ తాకాలో, ఎన్నిసార్లు తాకాలో, ఏ ముఖాన్ని ఆధారంగా తీసుకోవాలో ఒకరు వ్రాసిపెట్టాలి. ఇక్కడే తెలిసినవాడికీ తెలియనివాడికీ తేడా బయటపడుతుంది. ఒకే సరళరేఖ మీద లేని మూడు బిందువుల గుండా ఒకే ఒక వృత్తం గీయగలమని పిల్లలు తొమ్మిదో తరగతి ప్రాంతంలోనే నేర్చుకుంటారు. రంధ్రం లోపల మూడుచోట్ల మాత్రమే తాకించి వదిలిపెట్టినవాడికి యంత్రం ప్రతిసారీ పరిపూర్ణమైన వృత్తాన్నే చూపిస్తుంది. ఆ రంధ్రం కోడిగ్రుడ్డు ఆకారంలో ఉన్నా సరే! నాలుగో బిందువు మొదలుకొని గాని వంకర బయటపడదు. ఇంకా ఎన్ని తాకాలన్నది రంధ్రం ఎలా తయారైంది, అందులో ఏమి తిరుగుతుంది అన్నదాన్నిబట్టి నిర్ణయించవలసి ఉంటుంది.

వేడి సంగతీ అంతే. కొలతలకు ప్రపంచమంతటా ఒప్పుకొన్న ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. మీటరు పొడవు ఉక్కు, డిగ్రీకి సుమారు 11.5 మైక్రానులు సాగుతుంది. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. చిత్తిర మాసపు ఎండలో 35 డిగ్రీల షెడ్డు నుండి తెచ్చిన 100 మిల్లీమీటర్ల ముక్కను వెంటనే బల్లమీద పెడితే అది 17 మైక్రానులు ఎక్కువ చూపుతుంది. ఒప్పుకొనే తేడా పది మైక్రానులే అయితే మంచి ముక్క చెత్తబుట్ట పాలవుతుంది. ముక్క చల్లబడేవరకు ఆగాలని చెప్పగలవాడు, పైవారు తొందరపెడుతున్నా ఆ మాట మీద నిలబడగలవాడు కావాలి.

జీతం మాటకు వస్తే, అది పని పేరును బట్టి కదులుతుంది. ఇతరులు వ్రాసిన ప్రోగ్రామును తెరిచి మీట నొక్కేవాడు 'ఆపరేటరు'. చాలాచోట్ల కాంట్రాక్టు మనిషి. అదే గదిలో డ్రాయింగు చదివి, ప్రోగ్రాము వ్రాసి, ఫలితానికి పూచీపడేవాడు 'ప్రోగ్రామరు'. చిక్కేమిటంటే, అనేక చిన్న పరిశ్రమలలో రెండో పని చేయిస్తూ మొదటి పేరే ఉంచుతారు. కుర్రవాడు నాలుగేండ్లు ప్రోగ్రాములు వ్రాసి కూడా కాగితం మీద ఇన్‌స్పెక్టరుగానే మిగులుతాడు. వేరే కంపెనీకి మారినప్పుడు గాని జీతంలో పెద్ద పెరుగుదల కనిపించదు. మారే సమయానికి తాను వ్రాసిన పనిని చూపే పత్రం చేతిలో ఉండదు.

యంత్రాన్ని ఆపకుండా, కంప్యూటరులోని త్రిమితీయ నమూనా మీద ముందుగానే ప్రోగ్రాము వ్రాయగలవారికి గిరాకీ ఎక్కువ. యంత్రం ఒక్కటే ఉన్న చోట దాని ప్రతి గంటా విలువైనదే గదా. అక్కడినుండి దారులు చీలుతాయి: యంత్రాలు అమ్మే సంస్థలో శిక్షకుడు, క్రమాంకన ప్రయోగశాల, విమాన భాగాల పరిశ్రమలో తొలి ముక్క తనిఖీ. అదే కంపెనీలో ఉండి పైకి పోవాలంటే మాత్రం యంత్రాన్ని వదిలి పర్యవేక్షణ బల్లకు పోవలసిందే. మంచి ఉపాధ్యాయుణ్ణి ప్రధానోపాధ్యాయుణ్ణి చేసి తరగతిగదికి దూరం చేసినట్టు! సులువైన ప్రోగ్రాములను సాఫ్ట్‌వేరు తానే వ్రాసుకొనే రోజులూ వచ్చాయి. మీట నొక్కడమే తెలిసినవారికి అది నిజమైన భయం.

తెలుగు మాధ్యమంలో చదివిన బిడ్డ ఇందులో నెగ్గుకు రాగలదా అన్నది తల్లిదండ్రుల అసలు దిగులు. ఐ.టి.ఐ.లో పాఠం తమిళంలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది, సాఫ్ట్‌వేరు ఇంగ్లీషులో. దిగులు సహజమే. అయితే లంబము, సమాంతరము, ఏకకేంద్ర వృత్తాలు అన్నవి తెలుగులో బొమ్మ గీసి గ్రహించిన బిడ్డకు వాటి ఇంగ్లీషు పేర్లు పట్టుబడడానికి కొన్ని సాయంత్రాలు చాలు. బొమ్మ తెలియకుండా పేర్లు బట్టీపట్టినవారికి డ్రాయింగు ముందు దారి తోచదు. కనుక జ్యామితి పెట్టెను పరీక్షల నాడు మాత్రమే తెరిచే అలవాటును ఇంట్లోనూ బడిలోనూ మాన్పించవలసి ఉన్నది. ఆడపిల్లలను 'ఫ్యాక్టరీ పని' అని వెనక్కి లాగేవారు ఆ గదిని ఒకసారి చూసి రావాలి: చల్లగా, శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉంటుంది.

చేర్చే ముందు పెద్దలు కొన్ని సంగతులు అడిగి తెలుసుకోవాలి. అప్రెంటిస్ నిబంధనలు ఐ.టి.ఐ. పత్రం గలవారికి, డిప్లొమా వారికి నెలనెలా ఇవ్వవలసిన కనీస భృతిని నిర్ణయించాయి. అంతకు తగ్గించి ఇస్తామంటే ఒప్పుకోనక్కరలేదు. ఇక కంపెనీ వారిని అడగవలసినవి: ఇక్కడ ప్రోగ్రాము వ్రాసేదెవరు? మా పిల్లకు అది ఎన్నో నెలలో నేర్పుతారు? నేర్చిన తరువాత ఉత్తర్వులో ఆమె ఉద్యోగం పేరు ఏమని వ్రాస్తారు?